పియానో ట్యూనింగ్‌కి ఇల్లంతా మౌనం అక్కర్లేదు, నలభై నిమిషాలు చాలు

ప్రశ్న: నమస్తే అన్నా. మాది హనుమకొండ. పియానో ట్యూనింగ్ నేర్చుకుని ఇప్పుడిప్పుడే సొంతంగా ఇళ్లకు వెళ్తున్నాను. కాజీపేట, కరీంనగర్ వైపు కూడా పని దొరుకుతోంది. పనితో ఇబ్బంది లేదు, ఇళ్లల్లో చప్పుడుతోనే టెన్షన్. పోయిన వారం కాజీపేటలో ఒక ఇంటికి వెళ్తే హాల్లో టీవీ సీరియల్, వంటింట్లో మిక్సీ, కుక్కర్, పిల్లల ఆటలు, నెత్తి మీద ఫ్యాన్. కొంచెం తగ్గించండి అంటే పెద్దావిడ ముఖం ముడుచుకున్నారు. ఎట్లాగో పూర్తి చేసి వచ్చాను. రెండు రోజులకు ఫోన్ చేసి మధ్యలో ఒక స్వరం వణుకుతోంది అన్నారు. వాళ్లను నొప్పించకుండా నిశ్శబ్దం ఎట్లా అడగాలి? యాప్ పెట్టుకుని చేస్తే తక్కువగా చూస్తారా? మళ్లీ వెళ్లాల్సి వస్తే డబ్బులు అడగొచ్చా?

సమాధానం: తమ్ముడూ, అడగడం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ వణికిన స్వరం గురించి మాట్లాడుకుందాం. నువ్వు లేచేటప్పటికి అది శుభ్రంగా పలికి, ఆ తర్వాత జారి ఉంటే తప్పు టీవీది కాదు. పియానోలో మధ్య నుంచి పైకి ఒక్కో స్వరానికి మూడేసి తీగలుంటాయి కదా. ఒక్కో తీగలో, తీగ చుట్టి ఉండే పిన్ దగ్గర నుంచి తీగలను నొక్కిపట్టే ప్రెషర్ బార్ దాకా ఒక ముక్క, అక్కడి నుంచి తీగ ఆనుకునే చెక్క బ్రిడ్జి దాకా పలికే ముక్క. ఈ రెండింటి బిగువు సమం కాకముందే పిన్ తిప్పే లివర్ తీసేస్తే, ఎవరైనా గట్టిగా వాయించగానే తీగ సర్దుకుంటుంది, శ్రుతి జారుతుంది. చప్పుడు ఎక్కువున్న ఇంట్లో మనం చేసే పని ఏంటంటే, స్వరంలో వణుకు, అదే ఊగుడు, ఆగినట్టు వినబడగానే అమ్మయ్య అనుకుని పక్క పిన్‌కి వెళ్లిపోతాం. గట్టిగా మూడు నాలుగు దెబ్బలు కొట్టి, మళ్లీ విని, పిన్ తన చోట కూర్చుందో లేదో చేతికి తెలిసేదాకా ఆగం. చప్పుడు చెవిని చెడగొట్టిన దానికంటే తొందర పెట్టి చేతిని చెడగొట్టేదే ఎక్కువ. ఇది ఎవరినీ టీవీ ఆపమనకుండానే నువ్వు సరిచేసుకోగలిగిన సంగతి.

ఇక చప్పుడు. రెండు రెండున్నర గంటల పనికి రెండున్నర గంటల నిశ్శబ్దం అడిగితే ఏ ఇంట్లోనైనా ముఖం ముడుచుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. వాళ్లకు వంట ఉంది, పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. నిజానికి నీకు చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం కావాల్సింది నలభై నిమిషాలే. ఆ నలభై నిమిషాలు ఏవో నీకు కచ్చితంగా తెలిసి ఉండాలి. మిగతా టైమంతా మామూలు ఇంటి చప్పుడులో చేసుకోగలిగిన పనే.

ఆ నలభైలో మొదటి పాతిక నిమిషాలు మధ్య స్థాయి అమర్చడానికి. ఫెల్ట్ పట్టీ తీగల మధ్యకు నొక్కి, ఒక్కో స్వరానికి నడిమి తీగ ఒక్కటే పలికేలా చేసుకుని, 440 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో 'ఏ' స్వరం పట్టి, అక్కడి నుంచి పన్నెండు స్వరాలను ఒకదానితో ఒకటి తూచుకుంటూ వెళ్తాం. ఇక్కడ మనం వినేది స్వరాన్ని కాదు, రెండు స్వరాల హార్మోనిక్‌ల మధ్య పుట్టే ఊగుడును. ఇంటర్ ఫిజిక్స్‌లో విస్పందనాలు అని చదువుకున్నవే, పనిలో అందరం బీట్లు అంటాం. మధ్య 'సి'కి కిందనున్న 'ఎఫ్', దాని పైన 'ఏ' కలిపి నొక్కితే సెకనుకు దాదాపు 7 బీట్లు రావాలి. ఆ 'ఏ' నుంచి 'సి షార్ప్' దాదాపు 9. అక్కడి నుంచి పై 'ఎఫ్' 11. అక్కడి నుంచి పై 'ఏ' 14. మెట్టుమెట్టుకీ ఆ వేగం ఒకే తీరుగా పెరుగుతూ పోవాలి. ఈ వరసలో ఒక్కటి తప్పు వింటే పైనా కిందా అన్ని స్థాయిలూ ఆ తప్పును మోస్తాయి. అందుకే ఇక్కడ రాజీ పడొద్దు. మధ్యలో చప్పుడు మొదలైతే చెయ్యి తీసెయ్. ఎక్కడ ఆగావో ఆ పిన్ పక్కన సుద్దముక్కతో చిన్న గీత పెట్టుకుని, చప్పుడు ఆగాక రెండు స్వరాలు వెనక్కి వెళ్లి మళ్లీ విని ముందుకు పో.

మిగతా పదిహేను నిమిషాలు పైన చివరి స్థాయికి. అక్కడి స్వరాలు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ పైదాకా పోతాయి. చప్పున పుట్టి చప్పున చస్తాయి. స్టీలు గిన్నెల గలగల, కుక్కర్ కూత, పిల్లల అరుపులు ఆ మేరలోనే ఉంటాయి కాబట్టి ఒక్క గరిటె కింద పడ్డా నీకు ఆ స్వరం వినబడదు.

ఇప్పుడు ఒక్కో చప్పుడు సంగతి. నా లెక్కలో అన్నిటికంటే మోసం చేసేది ఫ్యాన్. మిక్సీ గోల పెడుతుంది కాబట్టి దాన్ని చూసి ఆగుతాం. ఫ్యాన్ మెల్లగా తిరుగుతూ మన బీట్లలో తన బీట్లు కలుపుతుంది. పియానో ధ్వని పైకి పోయి రెక్కకు తగిలి వెనక్కి వస్తుంది. రెక్క వచ్చినప్పుడు ఒక తీరు, ఖాళీ వచ్చినప్పుడు ఒక తీరు. లెక్క వేసి చూడు: మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 140 చుట్లు తిరిగితే సెకనుకు 7 సార్లు రెక్క దాటుతుంది. నువ్వు 'ఎఫ్', 'ఏ' మధ్య వెతుకుతున్నది కూడా సరిగ్గా ఆ ఏడే! రెగ్యులేటర్ కిందికి తిప్పితే చాలా ఫ్యాన్లు ఆ దరిదాపుల వేగంలోకే వస్తాయి. కాబట్టి ఫ్యాన్ తగ్గించమని ఎప్పుడూ అడగకు, ఆ నలభై నిమిషాలు ఆపమనే అడుగు. మిగతా టైంలో ఫుల్ స్పీడ్‌లో తిరగనీ. అప్పుడు ఆ ఊగుడు సెకనుకు పదిహేను పైన ఉంటుంది, తీగలు కలిపేటప్పుడు మనం వినే నిదానమైన ఊగుడుతో కలిసిపోదు. అనుమానం వస్తే మూడు తీగల్లో రెండింటికి రబ్బరు మ్యూట్ (తీగ పలకకుండా ఆపే ముక్క) పెట్టి ఒక్కదాన్నే కొట్టి చూడు. ఒక్క తీగే ఊగుతోందంటే అది ఫ్యాన్ అయినా కావాలి, ఆ తీగలోనే దోషమైనా ఉండాలి. స్విచ్ ఆపి మళ్లీ కొడితే ఏదో తేలిపోతుంది.

తర్వాతది కరెంటు గుయ్. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో పాత చోక్ ట్యూబ్‌లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇన్వర్టర్లు 100 దగ్గర గుయ్‌మంటాయి. కింది స్థాయిలో ఒక 'జి' 98 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ గట్టిగా గుయ్‌మంటున్న గదిలో ఆ 'జి' కొడితే సెకనుకు రెండు బీట్లు వినబడతాయి. ఆ స్వరానికుండే రెండు తీగలూ శుభ్రంగా కలిసే ఉన్నా సరే. అది తెలియకపోతే ఆ పిన్‌ను అటూ ఇటూ తిప్పుతూనే ఉంటావు. ట్యూబ్‌లైట్ ఆపి, నీ తలకు కట్టుకునే లైట్‌తో చేసుకో. ఫ్రిజ్ హాల్లోనే ఉంటే నలభై నిమిషాలు ఆపినా లోపలి వస్తువులకేం కాదు, తలుపు తీయకుండా ఉంటే చాలు. అయితే మళ్లీ వేయడం మర్చిపోతే ఆ ఇంటికి మళ్లీ పిలవరు. ఫ్రిజ్ ఆపగానే నీ బండి తాళంచెవి దాని మీద పెట్టు, తాళంచెవి లేనిదే నువ్వు ఇల్లు కదలవు కదా.

టీవీ, మాటలు. మధ్య స్థాయిలో మనం వినే బీట్లు ఎక్కువ భాగం 500 నుంచి 1,800 హెర్ట్జ్ మధ్య పుడతాయి. ఉదాహరణకు ఇందాకటి 'ఎఫ్', 'ఏ' బీట్లు 880 దగ్గర వినాలి. మనిషి గొంతు కూడా ఆ మేరలోనే ఉంటుంది. పైగా మాటలు వినబడితే మన బుర్ర వద్దన్నా అర్థం వెతుక్కుంటుంది. అందుకని దూరంలో పోయే లారీ కంటే పక్క గదిలో మెల్లగా నడిచే సీరియల్ ఎక్కువ కష్టం. మిక్సీ, కుక్కర్, బోర్ మోటార్, వీధిలో రికార్డు పెట్టుకుని పోయే పాత ఇనుప సామాన్ల ఆటో, ఇవన్నీ కాసేపట్లో పోయేవి. కాజీపేట జంక్షన్ పక్క ఇళ్లల్లో రైలు కూత కూడా అంతే. వాటితో పోట్లాడొద్దు, చేతులు దించుకుని ఆగితే చాలు.

చప్పుడు ఎక్కువున్న టైంకి సరిపడే పని మన దగ్గర కావాల్సినంత ఉంది. కింది పలక విప్పి దుమ్ము తుడవడం, వదులైన స్క్రూలు బిగించడం, వదులు పిన్‌లు ఏవో చూసుకోవడం, ఇరుక్కుపోతున్న మెట్లు (కీలు) సరిచేయడం. నాలుగైదేళ్లు ఎవరూ ముట్టని పియానో అయితే మొత్తం శ్రుతి దిగిపోయి ఉంటుంది, దాన్ని ముందు ఒకసారి గంపగుత్తగా పైకి లాగాలి. ఆ మొదటి విడతకు సూక్ష్మం అక్కర్లేదు, మిక్సీ తిరుగుతున్నా చేసుకోవచ్చు. చాలామంది వెళ్లగానే ఫోర్క్ తీసి మధ్య స్థాయితో మొదలుపెడతారు, ఎందుకంటే నేర్పించిన వరస అది. ఇంటికి వెళ్లినప్పుడు వరస ఇంటిని బట్టి మారాలి.

ఇక అడగడం. గుమ్మంలో నిలబడి అడిగితే అది ఆజ్ఞలా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం ఫోన్‌లో అడిగితే అది మామూలు మాట. పియానో బుక్ చేసింది సార్ అయినా, ఇంట్లో వంట, టీవీ, పిల్లలు ఎప్పుడెప్పుడో తెలిసింది సాధారణంగా మేడమ్‌కీ పెద్దావిడకీ. వాళ్లతోనే మాట్లాడించమను. 'అమ్మా, రేపు పది గంటలకు వస్తాను. పని రెండు గంటల పైన పడుతుంది, కానీ అందులో నలభై నిమిషాలే నాకు ఫ్యాన్, టీవీ ఆగాలి. మీకు ఏ నలభై నిమిషాలు వీలైతే అవే పెట్టుకుందాం' అను. టైం వాళ్లను ఎంచుకోమన్నాక ఎవరూ కాదనరు. పెద్దావిడ ఉంటే 'పెద్దమ్మా, మీ సీరియల్ ఎన్ని గంటలకు?' అని నువ్వే అడుగు. సీరియల్ టైం వదిలేసి నీ టైం పెట్టుకుంటే ఆవిడే పిల్లలను గదమాయించి కూర్చోబెడతారు. మామూలుగా పిల్లలు స్కూలుకు పోయి, వంట దించేశాక, మధ్యాహ్నం భోజనాలకు ముందు ఒక ఖాళీ ఉంటుంది. చాలా ఇళ్లల్లో అదే మన టైం.

ఇంటికి వెళ్లాక ఇంకొక పని చెయ్. మొదలుపెట్టే ముందు వాళ్లను దగ్గరకు పిలిచి, మధ్యలో ఒక స్వరం తీసుకుని రెండు తీగలే పలికేలా మ్యూట్ పెట్టి, ఒకదాన్ని కొంచెం దింపు. వూంవ్ వూంవ్ వూంవ్ అని ఊగడం వాళ్లకే వినబడుతుంది. లివర్ మెల్లగా తిప్పుతూ పో. ఆ ఊగుడు నిదానమై, సాగి, ఒక్కసారిగా నిలబడిపోతుంది. ఆ క్షణం ఎంత మొద్దు చెవికైనా తెలుస్తుంది, పిల్లలైతే మళ్లీ చెయ్యమంటారు. 'నేను రెండు వందల పైచిలుకు తీగల్లో దీన్నే వింటూ కూర్చోవాలమ్మా' అని ఒక్క మాట చెప్పు. నిశ్శబ్దం ఎందుకో నీ నోటితో చెప్పిన దానికంటే వాళ్ల చెవితో విన్నది నిలబడుతుంది. పిల్లల్లో ఒకరికి మ్యూట్‌లు అందించే పని అప్పజెప్పు, మిగతావాళ్లు కూడా అక్కడే బుద్ధిగా నిలబడతారు.

అడగకూడనివి కూడా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ మెషిన్ నడుస్తుంటే దాని గురించి నోరెత్తొద్దు. ఎండాకాలం 43, 44 డిగ్రీల్లో పెద్దవాళ్లు పడుకున్న గది ఫ్యాన్, కూలర్ జోలికి పోవద్దు. దేవుడి గదిలో గంట, వీధిలో అజాన్, చంటిపిల్లల ఏడుపు, ఇవన్నీ మనం ఆగాల్సినవే.

కూలర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. పియానో ఉన్న హాల్లో కూలర్ పెట్టే ఇళ్లు మన దగ్గర చాలా. దాని హోరు ఒక బాధ అయితే, తడి గాలి అంతకంటే పెద్ద బాధ. తీగల ధ్వనిని పెద్దది చేసే సౌండ్‌బోర్డు చెక్క తేమకు ఉబ్బుతుంది, శ్రుతి పైకి పోతుంది. కూలర్ ఆపిన రోజుల్లో పొడి వడగాలికి మళ్లీ కుంచించుకుని కిందికి దిగుతుంది. వారం వారం ఇట్లా అయితే నువ్వు ఎంత బాగా చేసినా నిలవదు. నీ పని అయ్యాక డబ్బులు తీసుకునే ముందే, కూలర్‌ను వేరే గదిలోకైనా మార్చమని, కనీసం ఆ గాలి పియానో మీదికి కొట్టకుండా తిప్పమని చెప్పు.

ఇందుకే నేను ఏడాదికి ఒక్కసారి చేయించుకునే ఇళ్లను నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యకు మార్చుకోమంటాను. వానాకాలం తేమ తగ్గి చెక్క కుదురుకుంటుంది, చలికి ఫ్యాన్లు వాటంతట అవే ఆగుతాయి, కూలర్లు అటక ఎక్కుతాయి. అడగకుండానే సగం చప్పుడు పోయినట్టే. డిసెంబర్‌లో క్రిస్మస్ ముందు చర్చిలు, స్కూళ్లు పిలుస్తాయి కాబట్టి ఇళ్లను నవంబర్‌లో, జనవరిలో సర్దుకో. వినాయక నవరాత్రుల్లో మండపం పక్క ఇళ్లకు, బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం పూట పని ఒప్పుకోవద్దు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో వరంగల్ రోడ్లు కిక్కిరిసిపోతాయి, ఆ వారం చెప్పిన టైంకి చేరడమే కష్టం.

గది గురించి చిన్న మాట. మన ఇళ్లల్లో కింద టైల్సో గ్రానైటో, చుట్టూ సిమెంటు గోడలు. వంటింటి చప్పుడు ఎక్కడెక్కడో తగిలి నీ దగ్గరికే వస్తుంది. వాళ్ల ఇంట్లో కొత్తవాడ జంపఖానా ఉంటుంది, అడిగి పియానో వెనకో పక్కనో పరిచి, ఇంకొకటి దొరికితే వంటింటి గుమ్మానికి తెరలా వేలాడదియ్. గిన్నెల గలగల బాగా తగ్గుతుంది, లారీ హోరు మాత్రం తగ్గదు. పియానో మీదున్న ఫోటో ఫ్రేములు, పెంబర్తి ఇత్తడి బొమ్మలు అన్నీ దింపించు. ఏదో ఒక స్వరానికి అవి జుయ్‌మంటాయి, నువ్వు వెళ్లిపోయాక పియానో చెడిందని నీకే ఫోన్ వస్తుంది.

యాప్ సంగతి. ట్యూన్‌ల్యాబ్, వెరిట్యూనర్ లాంటివి మంచి ట్యూనర్లు రోజూ వాడేవే, అందులో చిన్నతనం ఏమీ లేదు. మాటల మధ్య మన చెవి తికమకపడినా యాప్ తనకు కావాల్సిన సన్నని మేరనే చూస్తుంది కాబట్టి మధ్య స్థాయి అమర్చడానికి, మొదటి విడత పైకి లాగడానికి బాగా పనికొస్తుంది. ఫోన్ మైక్ తీగలకు దగ్గరగా, ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టు. కానీ మూడు తీగలను ఒక్కటిగా కలపడం మాత్రం చెవితోనే చెయ్. ఆ మూడూ కలిసినప్పుడు స్వరం నిలబడే తీరు స్క్రీన్ మీద కనిపించదు. ఇంటివాళ్లు అడిగితే ఏది యాప్‌తో, ఏది చెవితో చేస్తున్నావో దాచకుండా చెప్పు.

చెవి గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. గట్టి దెబ్బలు కొడుతూ ఏళ్ల తరబడి తీగల పక్కన తల పెట్టే పని మనది. చప్పుడున్న ఇంట్లో దాన్ని దాటి వినాలని ఇంకా గట్టిగా కొడతాం. సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో. అవి ధ్వనిని సమంగా తగ్గిస్తాయి, బీట్లు వినబడకుండా పోవు, పైగా చుట్టుపక్కల గోల తగ్గి ఊగుడు ఇంకా తేటగా వినబడుతుంది. ఈ వయసులోనే అలవాటు చేసుకో.

డబ్బుల విషయం ముందే ఫోన్‌లో తేల్చుకోవాలి. అనుకున్న నలభై నిమిషాలు వాళ్ల వైపు నుంచి కుదరక పని ఆగిపోతే, మళ్లీ వచ్చిన రోజుకు రాకపోకల ఖర్చు అడగడం న్యాయమే. నువ్వు చేసిన తీగ వారం పది రోజుల్లో జారితే రూపాయి అడగొద్దు, అది నీ పనిలో భాగం. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే తర్వాత ఎవరికీ మాట పట్టింపు ఉండదు.

కాజీపేట ఇంటికి ఈ వారమే ఫోన్ చేసి వెళ్లు, ఉచితంగా చేసి రా. ఆ ఒక్క స్వరంతో ఆగిపోకు. దానికి అటూ ఇటూ నాలుగైదు స్వరాలను కూడా మ్యూట్ పెట్టి ఒక్కో తీగా గట్టిగా కొట్టి చూడు. ఒకటి జారిందంటే అదే తొందరలో చేసిన పక్కవి కూడా జారడానికి సిద్ధంగా ఉండి ఉంటాయి.